పట్టేసిన ట్రాక్టర్

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నానక్‌రామ్‌గూడలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేదాన్ని. కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది. పొలాలు అమ్మేశాక ఆమె భర్త ట్రాక్టర్‌ను పెరట్లో నిలిపేశాడట. ఆయన పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు. ఇంజిన్ తిరిగితే తను తీసుకుపోతానని శంకర్‌పల్లిలో సేద్యం చేసే ఆమె తమ్ముడు అన్నాడు. లేదంటే పాత ఇనుము కిందే లెక్క.

ఒక బంద్ రోజు అతనొచ్చి ఇంజిన్‌ను రాడ్డుతో తిప్పబోయాడు. కదల్లేదు. సుత్తి అందుకోవడం చూసి నేను గబగబా మెట్లు దిగాను.

"కొట్టకండి. తుప్పుకు పిస్టన్లు పట్టేసి ఉంటాయి. మా నాన్నగారు గుంటూరు దగ్గర ట్రాక్టర్ మెకానిక్. ఇలాంటివి చాలా చూశాను."

అతను నన్ను కాసేపు చూసి సుత్తి కింద పెట్టాడు. "సరే మేడమ్. ఏం జేద్దాం చెప్పుండ్రి."

ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పించి, ఆ రంధ్రాల్లోంచి డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోశాం. బాగా నాననివ్వాలని చెబితే అతను ఊరికి వెళ్ళిపోయాడు.

ఆఫీసు నుంచి వచ్చాక రోజూ ఇంకాస్త పోసేదాన్ని. ఇంటావిడ గరాటు పట్టుకునేది. ఒక సాయంత్రం అడిగింది.

"తెలంగాణ వస్తె మీరంత పోతరా బిడ్డా?"

"ఎక్కడికి పోతామండి? ఉద్యోగం ఇక్కడే కదా."

"పొమ్మంటలేను. ఊకెనే అడిగిన."

"తెలంగాణ రావాలని మీకుందా ఆంటీ?"

"ఉంది," అందామె, దాచుకోకుండా.

నేను గరాటులో ఇంకాస్త పోశాను. రంధ్రంలో డీజిల్ మెల్లగా దిగుతోంది. ఇద్దరం అదే చూస్తూ కూర్చున్నాం.

మళ్ళీ బంద్ వచ్చింది. ఈసారి దారులు మూసేయడంతో ఆమె తమ్ముడు రాలేకపోయాడు. ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి, చక్రంతో పాటు ఇంజిన్ కూడా తిరిగేలా గేరు వేసి, ఇద్దరం టైరు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాం. చాలాసేపు ఏమీ లేదు. నేను చేతులు వదిలేశాను. ఆమె వదల్లేదు. కొంగు నడుముకు చుట్టి, "ఇంకొక్కపారి పట్టు," అంది. ఈసారి లోపల కిర్రుమంది. టైరు జానెడు తిరిగింది. నాజిల్ రంధ్రంలోంచి నల్లటి నూనె ఎగజిమ్మి ఆమె చీర మీద పడింది.

"కదిలింది బిడ్డా," అని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తర్వాతి ఆదివారం తమ్ముడు కొత్త బ్యాటరీ తెచ్చాడు. పాత ఆయిల్ మార్చి, నాజిళ్లు బిగించాం. ట్రాక్టర్ గట్టిగా దగ్గి, పెరడంతా పొగ నింపి, నిలకడగా ఆడసాగింది. అతను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆమె చీర మార్చుకొచ్చి, అతని పక్కన మడ్‌గార్డు మీదెక్కి, ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"తమ్మునింట్ల రెండ్రోజులుండి వస్త. ఇల్లు జర చూస్కో."