కరుణాకర్‌రావు సార్ ఫ్లాపీ విచారణ

కరుణాకర్‌రావు సార్ మనుషులను నమ్మేవాడు, వీధికుక్కను నమ్మేవాడు, ఎర్రబస్సు టైమును కూడా నమ్మేవాడు. ఫ్లాపీని మాత్రం నమ్మేవాడు కాదు.

హుజూరాబాద్ బస్టాండు పక్క గల్లీలో, మేడ మీద ఆయన కంప్యూటర్ సెంటర్. అంతకుముందు రేడియోలు బాగు చేసుకునే నేను, 1991లో అక్కడ చేరి చూసి చూసి పని నేర్చుకున్నాను. ఎవరు ఫైళ్లు నింపిన ఫ్లాపీ డిస్కు పట్టుకుని మెట్లెక్కి వచ్చినా సార్ ముందు దాని ముఖం చూసేవాడు, తర్వాత తెచ్చినవాళ్ల ముఖం.

"ఏడికెళ్లి వచ్చింది?"

"కరీంనగర్‌కెళ్లి సార్."

"నడుమ ఎవరింట్లనన్న ఆగిందా?"

"మా బామ్మర్ది ఆఫీసుల ఒక్కపూట."

"బామ్మర్ది మంచోడే. ఆయన మిషిన్ ఎసొంటిదో?"

పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. విచారణ అయ్యాక ఆ ఫ్లాపీ కిటికీ గట్టు మీద విడిగా కూర్చునేది. శనివారం వచ్చింది సోమవారం దాకా కదలకూడదు. అది రూలు.

ఆయన చాదస్తానికి ఆధారం లేకపోలేదు. ఆయన భయం కంప్యూటర్ వైరస్ గురించి. అది గాలిలో వచ్చేది కాదు, ఎవడో పనిగట్టుకుని రాసిన చిన్న ప్రోగ్రాం. ఫ్లాపీ మొదట్లోనే దాక్కుంటుంది. అది లోపల ఉండగా కంప్యూటర్ ఆన్ చేశామా, హార్డ్‌డిస్కులోకి దూరుతుంది. ఆ తర్వాత ఆ మిషన్‌లో పెట్టిన ప్రతి ఫ్లాపీకి అంటుకుంటుంది. అందుకే సార్ తన సొంత ఫ్లాపీతో మిషన్ లేపి, వచ్చినదాన్ని పరీక్షించి, అప్పుడు తెరిచేవాడు. ఆ సొంత ఫ్లాపీ అంచున ఉన్న గంటు ఎప్పుడూ మూసి ఉండేది. గంటు మూస్తే దాని మీద మిషన్ ఏమీ రాయలేదు, వైరస్ కూడా రాయలేదు. మూయడానికి డబ్బాలో వచ్చే స్టిక్కర్లు అయిపోతే ఇంట్లోంచి భార్య స్టిక్కర్ బొట్లు తెచ్చేవాడు.

ఒకరోజు ఆ భార్య, దేవకమ్మ, మెట్ల దగ్గర నన్ను ఆపింది. "ముత్యం, మీ సార్ నా బొట్లు ఎవరికి పెడుతుండో జర చెప్పు."

"ఫ్లాపీలకమ్మా."

"గంతేనా? అట్లయితే పెద్దసైజుయి తెస్త, మంచిగ కప్పుతయి."

మా సెంటర్‌కు ఎదురుగా లింగమూర్తి ప్రెస్సు. ఆయన కంప్యూటర్‌లోనే అనసూర్య టీచర్ రోజూ బడి అయిపోయాక కూర్చుని, వాళ్లమ్మ శంకరవ్వ పాడే పాటలన్నీ క్యాసెట్లలో పట్టి తెచ్చి టైపు చేసేది. పుస్తకం వేయాలని ఆమె కోరిక. మంచి ప్రింటర్ మా దగ్గర ఉంది కనుక లింగమూర్తిలాగే ఆమె కూడా ప్రతి శనివారం ఫ్లాపీ తెచ్చేది.

"సోమవారం రాండ్రి టీచరమ్మా."

"అవ్వ పాటలు సార్ ఇవి. వీటికేం జరమొస్తది?"

"జరం కనవడితే ఫికర్ లేదు. కనవడకుంటనే పరేషాన్."

దసరా నాడు లింగమూర్తి ఆయుధపూజకు పిలిచాడు. కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ, బంతిపూలు. పండుగపూట మిషన్ నోరు ఖాళీగా ఉండకూడదని, హైదరాబాద్ నుంచి ఎవరో చుట్టం తెచ్చిన ఆటల ఫ్లాపీని అందులో పెట్టి స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

గడపలోనే సార్ ఆగిపోయాడు. "మూర్తీ, ఫ్లాపీ తీసి లేపు."

"నోట్ల తీపి పెట్టినట్టు పెట్టిన రావుసాబ్."

"గది నోరు కాదు, తలుపు. తలుపు తెరిచి దొంగను పిలుస్తున్నవ్."

పదిమంది ముందు అన్నందుకు లింగమూర్తికి కోపమొచ్చింది. స్విచ్చు వేశాడు. ఆ రోజు పండుగకు అందరి చేతుల్లో పెట్టే జమ్మి ఆకు కూడా సార్‌కు పెట్టలేదు.

మూడు వారాలు ఏమీ కాలేదు. లింగమూర్తి గల్లీలో మీసం దువ్వుకుంటూ తిరిగాడు. తర్వాత ఒక శుక్రవారం పొద్దున మిషన్ లేవలేదు. అందులో ఉన్నదంతా పోయింది. రోజూ అందులో పెట్టి తీసిన టీచర్ ఫ్లాపీ కూడా చదవడానికి రాలేదు.

టీచర్ మెట్లెక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ప్రింటు కాగితాలు, క్యాసెట్లు లేవా?" అన్నాను.

"కాయితాలు తప్పులు దిద్దుకున్నంక పారేసిన. క్యాసెట్లు ఉన్నయే మూడు. టైపు కాంగనే వాటి మీదనే మళ్ల రికార్డు చేసిన."

"అవ్వ మళ్ల పాడదా?"

"అడిగిన. మొన్నటి పాట ఇయ్యాల పాడుమంటే నేనేమన్న రేడియోనా అంటున్నది."

సార్ లేచి ఇనుప బీరువా తెరిచాడు. అందులో పాత పేపర్లు ఉంటాయనే నేను రెండేళ్లు అనుకున్నాను. లోపల అన్నీ చెప్పుల డబ్బాలు. ఒక డబ్బా దించి టీచర్ ముందు పెట్టాడు. ఇరవై ఒక్క ఫ్లాపీలు, ఒక్కోదానికి ఎర్రబొట్టు. పైన సార్ గుండ్రటి చేతిరాత: అనసూర్య టీచర్, అవ్వ పాటలు, ఒకటి. అవ్వ పాటలు, రెండు.

శనివారం ఫ్లాపీని ఎందుకు ఆపేవాడో అప్పుడు తెలిసింది. ఆదివారం సెంటర్‌లో ఒక్కడే కూర్చుని కునుకు తీస్తాడనుకున్నాను. ఆయన మా గిరాకీలందరి ఫ్లాపీలూ పరీక్షించి కాపీలు తీస్తున్నాడు. ఈ వైరస్ కొత్తది కనుక ఆ పరీక్షకు దొరకలేదు, కానీ ఫైళ్లు మాత్రమే శుభ్రమైన ఫ్లాపీల మీదికి ఎక్కించాడు కనుక కాపీలకు అంటలేదు.

"ఇన్నొద్దులు ఒక్కమాటన్న చెప్పలే సార్" అంది టీచర్.

"చెప్తే మీరు కాపీ పెట్టుకునుడు బంద్ చేస్తరు. రావుసార్ కాడ ఉన్నయి గదా అంటరు. రేపు నా బీరువ కాలిపోతే?"

ఇంకో డబ్బా చంకన పెట్టుకుని కిందికి దిగాడు. దాని మీద లింగమూర్తి ప్రెస్సు అని ఉంది. లింగమూర్తి ఆయన్ను చూసి లేచి తన కుర్చీ జరిపాడు. సార్ తన ఫ్లాపీతో మిషన్ లేపడానికి కూర్చున్నాడు.

"కుంకుమ తుడువాల్నా రావుసాబ్?"

"కుంకుమ ఉండనీ. ఆటల ఫ్లాపీ ఇటు తే."

టీచర్‌కు ఆ వారం టైపు చేసిన ఆరు పాటలే పోయాయి. శంకరవ్వ వాటికి బదులు తొమ్మిది పాడింది, పోయిన ఆరింట్లో ఒక్కటీ వాటిలో లేదు.

మరుసటి శనివారం టీచర్ ఫ్లాపీ తెచ్చింది. సార్ కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఏడికెళ్లి వచ్చింది?"

"మీ బీరువలకెళ్లే సార్. మీరే ఇచ్చిండ్రు."

"ఇచ్చి వారమాయె. నడుమ ఎవరింట్లనన్న ఆగిందా?"

"ఆగింది. అందుకే ఇంకో కాపీ ఇంట్ల దాచి వచ్చిన."

సార్ ఫ్లాపీని వెలుతురుకు పట్టి చూశాడు. గంటు మీద మెరూన్ రంగు బొట్టు. అది దేవకమ్మది కాదు, టీచర్ నుదుటి మీదా అదే రంగు.

"సోమవారం రాండ్రి" అన్నాడు, కిటికీ గట్టు మీద దానికి మంచి చోటు చూస్తూ.