సుచిత్ర పాట మళ్ళీ మొదలుపెట్టిన శ్రీరామనవమి

క్లెమెంటిలో తెలుగువాళ్ళ నోట ఇప్పుడు ఒకటే మాట. శ్రీరామనవమి నాడు సుచిత్ర స్టేజీ మీద నుంచి వీరభద్రరావు గారిని మైకులో కసిరి కూర్చోబెట్టిందట. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషిని, అందరికీ పానకం చేయించి తెచ్చిన మనిషిని, చంటిపిల్లాణ్ణి అదిలించినట్టు అదిలించిందట. ఆ మాట నాలుగు రైలు స్టేషన్ల అవతలి బూన్ లే చేరేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. వేలు చూపించిందట, మైకు విసిరికొట్టిందట. మైకు విసిరికొడితే ఆ తరువాత పిల్లలు ఏ మైకులో పాడారో మాత్రం చెప్పేవాళ్ళు లేరు.

జరిగింది జరిగినట్టు తెలియాలంటే స్టేజీ దగ్గర మొదలుపెడితే లాభం లేదు. హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, మొదలుపెట్టాలి.

సుచిత్రది భీమవరం. పెళ్ళయి ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ క్లెమెంటిలో ఇదే అపార్ట్‌మెంటు బ్లాకు. వన్-నార్త్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. పొద్దంతా ఎదుటివాళ్ళు చేసిన పనిలో తప్పులు వెతుకుతుంది. ఇంటికొచ్చాక తనలో వెతుక్కుంటుంది, దానికి జీతం కూడా లేదు. గొంతు మాత్రం బంగారం. పోపు వేస్తూ ఆమె కూనిరాగం తీస్తుంటే కారిడార్లో చెత్త పడేయడానికి వెళ్ళేవాళ్ళు కూడా అడుగు నెమ్మది చేస్తారు.

అంత గొంతూ స్టేజీ ఎక్కాల్సిన రోజున పనికిరాకుండా పోయేది. ఉగాదికి పోయింది, దీపావళికి పోయింది, కిందటేడు నవమికీ పోయింది. దిష్టి అన్నారు కొందరు. ఏసీ పడదేమో అన్నారు ఇంకొందరు. కార్యక్రమాలు నడిపే వసుంధర పాపం మిరియాలూ తేనే పట్టుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చేది.

అసలు సంగతి ఇది. పాడాల్సిన రోజుకు ముందురోజు సాయంత్రం సుచిత్ర ఆఫీసు నుంచి నేరుగా ఇంటికి రాదు. హాకర్ సెంటర్‌లో స్తంభం చాటున ఒక టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టుకుంటుంది, ఇక్కడి మాటలో చెప్పాలంటే చోప్ చేసుకుంటుంది. ఐస్ కచాంగ్ తెచ్చుకుంటుంది. తురిమిన ఐసు గుట్టలా పోసి, మీద ఎర్రదీ పచ్చదీ పాకం ఒంపి ఇస్తారు, అది. కణతలు పోటు పెట్టేదాకా ఒక్కతే కూర్చుని తింటుంది. గుట్ట కరిగిపోయాక అడుగున మిగిలిన చల్లటి నీళ్ళు కూడా గిన్నె ఎత్తి తాగేస్తుంది. మర్నాటికి గొంతు తుప్పుపట్టిన గేటులా కిర్రుమంటుంది.

తెలిసే చేసేదా అంటే, పూర్తిగా తెలిసీ కాదు, పూర్తిగా తెలియకా కాదు. ఎండగా ఉంది కదా అనుకునేది. అంతా అయ్యాక ఎవరో ఒకరు, "పాపం, గొంతు బాగుండి ఉంటేనా" అనేవారు. ఆ మాట చెవిన పడగానే ఆమెకు ప్రాణం కుదుటపడేది. పాడని పాటకు వంక పెట్టేవాళ్ళు ఉండరు కదా.

ఈ ఏడు వసుంధర ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేసింది.

"సుచీ, నువ్వు మొదట పాడాలి, తరవాత నీ దగ్గర నేర్చుకునే పిల్లలు. ఈసారి కూడా గొంతు పోయిందన్నావనుకో, నేనేం అనుకోను. కానీ ఇంకెప్పుడూ నిన్ను పిలవను."

"అంత మాటెందుకులే అక్కా, చూద్దాం."

"చూసీ చూసీ నా కళ్ళు కాయలు కాశాయి తల్లీ."

సుచిత్ర శనివారాలు నలుగురైదుగురు పిల్లలకు పాట నేర్పుతుంది. వాళ్ళలో ప్రణవి అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉంది. ఇక్కడే పుట్టింది, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం మాట చివర లా, వాట్, ఆ తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో వస్తుంది. గొంతు ఉంది, బెదురు ఉంది. ఆ శనివారం పైకి వెళ్ళే చోట శ్రుతి తప్పింది. తప్పగానే రెండు చేతులతో టపటపా లెంపలు వేసుకుంది. దేవుడి ముందు వేసుకున్నట్టు లాంఛనంగా కాదు, బుగ్గలు కందేట్టు.

"ఏయ్, ఎందుకే అలా కొట్టుకుంటావు? ఎవరు నేర్పారు నీకు?"

ప్రణవి వింతగా చూసింది. "టీచర్ ఆల్సో డూ లైక్ దట్, వాట్."

"నేనా? నేనెప్పుడు చేశాను?"

"ఎవ్రీ టైమ్ లా."

మిగతా పిల్లలు తలలూపారు. సుచిత్రకు ఒక్కసారి తన చేతులు గుర్తొచ్చాయి. భీమవరంలో పాట నేర్చుకునే రోజుల్లో స్వరం తప్పితే, లెంపలేసుకుంటే గాని గురువుగారు ముందుకు వెళ్ళనిచ్చేవారు కారు. ఆ గురువుగారి మొహం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. చేతులు మాత్రం మరిచిపోలేదు.

పిల్లను దగ్గరకు లాక్కుని బుగ్గలు నిమిరింది. "ఇంక కొట్టుకోకు. తప్పు వస్తే ఆగు. గుక్కెడు నీళ్ళు తాగు. మళ్ళీ మొదటి నుంచి పాడు. అంతే."

"స్టేజ్ మీద కూడా?"

"స్టేజ్ మీద కూడా."

"యూ ఫస్ట్ పాడండి. మీరు పాడితే నేను పాడతా. మీకు త్రోట్ పెయిన్ వస్తే నాకు కూడా త్రోట్ పెయిన్."

అక్కడ దొరికిపోయింది సుచిత్ర. తన గొంతు ఒక్కటీ పోతే పోయింది, ఇన్నేళ్ళూ పోతూనే ఉంది. ఈ పిల్ల ఇప్పటి నుంచే సాకు నేర్చుకుంటోంది, అదీ తన దగ్గరే.

నవమికి ముందురోజు సాయంత్రం బస్సు దిగాక కాళ్ళు అలవాటు కొద్దీ హాకర్ సెంటర్‌కే తీసుకెళ్ళాయి. టిష్యూ ప్యాకెట్ కూడా టేబుల్ మీద పడింది. స్వీట్ల కొట్టు చైనా ఆంటీ చూడగానే గిన్నె అందుకుంది.

"సేమ్ సేమ్, ఆ?"

సుచిత్ర ఆ గిన్నె వైపు చూసింది. ప్రణవే ఇప్పుడు పక్కన నిలబడి అడిగితే కొనిస్తానా అనుకుంది. చచ్చినా కొనివ్వను. రేపు పాడాల్సిన పిల్లకు ఐసు ఎవరైనా పెడతారా? మరి నాకు నేనెందుకు పెట్టుకుంటున్నాను? ప్రణవి గొంతుపాటి చెయ్యదా నా గొంతు? ఆ ఆలోచనకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ తనను ఇలా ఆడించిన తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. ఆ వెంటనే, చాలు, ఇంక తిట్టుకోవడం కూడా వద్దు అనిపించింది.

"నో ఆంటీ. హాట్ వన్."

చైనా ఆంటీ కనుబొమలెత్తింది. ఎర్ర బీన్స్‌తో చేసిన వేడి పాయసం గిన్నెలో పోసి ఇచ్చింది. సుచిత్ర స్తంభం చాటు టేబుల్ వదిలేసి, దారి పక్కన అందరికీ కనపడే చోట కూర్చుని తిన్నది.

మర్నాడు కమ్యూనిటీ క్లబ్ హాలు నిండిపోయింది. గొంతు బాగుంది. దానితో భయం రెట్టింపయింది, ఈసారి దాక్కోవడానికి ఏమీ లేదు కాబట్టి. స్టేజీ ఎక్కింది, ఫోన్లో శ్రుతి పెట్టుకుంది, కళ్ళు మూసుకుని రాముడి కీర్తన ఎత్తుకుంది. సగం దాకా తేనె పోసినట్టు సాగింది. పైకి వెళ్ళే చోట గొంతు చీలింది. చిన్నగా కాదు, వెనక వరసలో వడపప్పు పొట్లాలు కడుతున్నవాళ్ళు కూడా తలెత్తేంతగా.

చేయి దానంతటదే చెంప దాకా లేచింది. కళ్ళు తెరిస్తే కర్టెన్ పక్కన ప్రణవి కనిపించింది. పిల్ల చేతులూ చెంపల దాకా లేచి ఉన్నాయి, టీచర్ తప్పుకు తను లెంపలేసుకోవడానికి.

సుచిత్ర చేయి దించింది. సీసా తీసి గుక్కెడు నీళ్ళు తాగింది. మైకులో, "తప్పు పాడాను. మొదటి నుంచి పాడతాను" అంది.

సరిగ్గా అప్పుడే ముందు వరసలో వీరభద్రరావు గారు లేచారు. పాపం ఆయనకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. స్టేజీ మీద అమ్మాయి ఇబ్బంది పడుతోంది, తప్పించేద్దాం అనుకున్నారు. చప్పట్లు కొడుతూ, "బాగుందమ్మా, చాలు. పానకం వేడెక్కిపోతోంది, అందరూ రండి" అన్నారు. ఆయన వెనకే కుర్చీలు జరిగాయి.

"కూర్చోండి అంకుల్" అంది సుచిత్ర మైకులోనే. "పాట ఇంకా అవలేదు."

అంతే. కసరలేదు, వేలు చూపించలేదు. ఆయన కూర్చున్నారు, హాలంతా కూర్చుంది. ఆమె మొదటి నుంచి పాడింది. అద్భుతంగా పాడిందా అంటే, లేదు. అదే చోట గొంతు మళ్ళీ వణికింది. ఈసారి వణుకుతూనే దాటి, చివరిదాకా వెళ్ళింది. తరువాత ప్రణవి పాడుతూ మధ్యలో చరణం మరిచిపోయింది. ఆగి, నీళ్ళు తాగి, "సారీ ఆ, అగైన్" అని మళ్ళీ ఎత్తుకుంది. హాలంతా నవ్వింది, పిల్ల కూడా నవ్వింది. వీరభద్రరావు గారు ఆ తరువాత రెండు గ్లాసుల పానకం తాగారు. తనకు అవమానం జరిగిందని ఆయనకు మర్నాడు నలుగురూ ఫోన్ చేసి చెప్తే గాని తెలియలేదు.

ఒకసారి వెళ్ళి క్షమించమని అడిగెయ్యి, పోయేదేముంది అని వసుంధర కబురు పెట్టింది. సుచిత్ర వెళ్ళలేదు. ఆయన గుడిలో ఎదురుపడితే నమస్కారం పెట్టింది, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది, క్షమించమని మాత్రం అడగలేదు. దానితో పొగరు అన్న మాట ఇంకాస్త ఊపందుకుంది.

ఎదురింటి ప్రభావతి గారు ఈ ముచ్చట పదిమంది దగ్గర పది రకాలుగా విని, చివరికి ఓపిక పట్టలేక లిఫ్టు దగ్గర సుచిత్రనే పట్టుకున్నారు.

"నిజం చెప్పవే అమ్మాయ్. పాట పాడైంది నీది. నలుగురిలో ఆ పెద్దాయన్ని కూర్చోమనడానికి నీకు నోరెలా వచ్చింది?"

సుచిత్ర లిఫ్టు తలుపు మూసుకోకుండా చేత్తో ఆపింది.

"ఒకచోట తప్పు పాడితే నా పని అక్కడితో అయిపోయిందని ఆయన లేచారు ఆంటీ. ఇన్నేళ్ళూ ఆయనకంటే ముందు నేనే లేచి వెళ్ళిపోయేదాన్ని. ఈసారి నేను వెళ్ళలేదు, ఆయన్నీ వెళ్ళనివ్వలేదు. వచ్చే ఏడు కూడా పాడతాను, తప్పు వస్తే మళ్ళీ మొదలుపెడతాను. ఆకలికి ఆగలేనివాళ్ళను ముందే తినేసి రమ్మనండి."