తన తప్పు తానే రాసిచ్చిన మా బాబాయి

పోయిన శుక్రవారం జుమా నమాజు చేసుకుని ఇంటికొచ్చి, భోజనానికి కూర్చోబోతూ మా బాబాయి కన్నుమూశారు. పిన్ని ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ బాబాయి వెళ్లిపోయారే. అన్నయ్యని తీసుకుని వచ్చెయ్" అంది. వన్ టౌన్‌లో మా పరుపుల కొట్టు మూసేసి, నేనూ అన్నయ్యా ఆటోలో పటమట చేరేసరికి ఆయన మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది.

శవాన్ని ఉంచిన జనాజా లేపేముందు ఇంటి పెద్ద ఒకరు నిలబడి, పోయినవారి తరఫున అందరినీ మాఫీ అడగడం మాలో ఆనవాయితీ. అన్నయ్య గొంతు సవరించుకుని అడిగాడు. "మా బాబాయి వల్ల ఎవరికన్నా కష్టం కలిగితే, మనసు నొచ్చుకుంటే, మాఫ్ చెయ్యండయ్యా." "చేశాం, చేశాం" అన్నారు వాకిట్లో మగవాళ్లు. తలుపు వెనక ఆడవాళ్ల మధ్య నిలబడి నేను వింటున్నాను. దూరపు చుట్టం ఒకాయన పక్కనున్నాయనతో మెల్లగా అన్నాడు.

"మనం చేస్తే సరిపోద్దా? ఆ రెండు విమానాల్లో జనం గూడా చెయ్యాలిగా."

పక్కాయన నవ్వాపుకోవడం కూడా నాకు కనబడింది.

నేను గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాదు. పైగా అది మయ్యత్ ఇల్లు, చావు జరిగిన చోటు. అల్లా పేరు తలచుకుని ఊరుకున్నాను. మర్నాడు ఒక చిన్న పేపరు ఆయన ఫోటో వేసి, "అప్పట్లో రెండు విమానాలను ప్రమాదంలోకి నెట్టి సస్పెండైన అధికారి" అని కింద రాసింది. హైస్కూలుతో చదువు ఆగిపోయినదాన్ని. అయినా ఆ ఒక్క వాక్యం ఆయన జీవితం మొత్తంగా మిగిలిపోకూడదని ఇది రాస్తున్నాను.

చల్లపల్లి పక్క పల్లెటూళ్లో దూది ఏకే ఇంట్లో మా నాన్నకు తమ్ముడిగా పుట్టిన మనిషి, ఒక పెద్ద నగరంలో విమానాలకు దారి చెప్పే ఉద్యోగానికి ఎదిగాడు. మా వాళ్లలో సగం మంది ఆయన విమానం నడుపుతాడనే అనుకునేవాళ్లు. సెలవులకు వస్తే, "మాకూ ఓ టిక్కెట్టు ఇప్పియ్యకూడదా?" అని అడిగేవాళ్లు. "నేనే ఇంతవరకు ఎక్కలేదయ్యా. ఎక్కినవాళ్లకి ఎంత ఎత్తున పోవాలో చెబుతానంతే" అనేవారు.

ఒకదాని మీద ఒకటి పోయే విమానాల మధ్య ఎప్పుడూ ఇంత ఖాళీ ఉండాలని లెక్క ఉంటుందట. ఆ ఖాళీ కాపాడటమే ఆయన పని. ఒకసారి రంజాన్‌కు వచ్చి, మసీదులో వరసలు సర్దుకోవడం గురించి చెబుతూ నవ్వారు. "ఇక్కడ మనిషికీ మనిషికీ మధ్య సందు వదిలితే తప్పు. అక్కడ సందు తగ్గితే తప్పు. రెండుచోట్లా నిలబడేది నేనే."

పైలట్‌కు ఏదైనా చెబితే, అతను దాన్ని తిరిగి చెప్పాలి. బాబాయి అది సరిగ్గా ఉందో లేదో వినాలి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. నన్ను బజారుకు పంపుతూ, "ఏం తెమ్మన్నాను, చెప్పు" అనేవారు. చింతపండు, ఎండుమిర్చి అని నేను అప్పజెప్పేదాకా సంచీ ఇచ్చేవారు కాదు. "ఈయనతో కాపురమంటే రోజూ పాఠం అప్పజెప్పడమే. పెళ్లిలో నేను సరేనన్నది కూడా రెండుసార్లు చెప్పించుకుని ఉంటాడు" అని పిన్ని దెప్పేది. ఆయన కోపం తెచ్చుకునేవారు కాదు. "చెప్పేయడంతో పని అయిపోదమ్మా. అవతలివాడు ఏం విన్నాడో వినాలి" అనేవారు.

తొంభైల్లో ఒక సాయంత్రం ఆయన అది వినలేకపోయారు.

ఆ రోజు ఆయన పక్క కుర్చీ ఖాళీ. మనుషులు చాలడం లేదని, రెండు కుర్చీల పనీ ఆయనకే అప్పగించారు. దిగుతున్న ఒక విమానానికి ఆయన, ఒక ఎత్తు దాటి కిందికి రావద్దని చెప్పారు. పైలట్ దాన్ని మరోలా విని, ఇంకా కింది ఎత్తు తిరిగి చెప్పాడు. సరిగ్గా అప్పుడే రెండో కుర్చీ దగ్గర ఫోను మోగింది. ఒక చెవిలో పైలట్, ఇంకో చెవిలో ఫోను. ఆ తప్పు మాట ఆయన్ని దాటిపోయింది. ఆ కింద ఇంకో విమానం వస్తోంది. రాడార్ తెర మీద చూసి, ఆయన వెంటనే ఒకదాన్ని పక్కకు తిప్పించారు. రెండూ దాటిపోయాయి. మధ్యన ఉండాల్సినంత ఖాళీ మాత్రం లేదు.

ఎవరికీ గీత కూడా పడలేదు. పైలట్లు ఫిర్యాదు చెయ్యలేదు. తెర ముందు ఆ నిమిషాన ఇంకెవరూ లేరు. ఆయన నోరు మూసుకుంటే ఆ సంగతి అక్కడితో పోయేది. ఈ మాట పేపరువాళ్లూ, వాకిట్లో నవ్వినవాళ్లూ తెలుసుకోవాలి. బాబాయే ఆ సాయంత్రం కూర్చుని జరిగింది జరిగినట్టు రాసి పైవాళ్లకు ఇచ్చారు. "పైలట్ తప్పుగా తిరిగి చెప్పాడు, నేను వినలేదు. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కడితో చేయిస్తే మళ్లీ ఇలాగే జరుగుతుంది" అని రాశారు.

"ఎందుకు రాశారండీ? ఎవరడిగారు మిమ్మల్ని?" అని పిన్ని ఏడ్చిందట.

"రేపు నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. వాడికి తెలియొద్దా?" అన్నారట.

విచారణ జరిగింది. ఆయన రాసిన దాంట్లో "నేను వినలేదు" అన్న ముక్క ఒక్కటే వాళ్లకు పనికొచ్చింది. పక్క కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆయన్ని సస్పెండ్ చేశారు. తర్వాత ఉద్యోగంలోకి తీసుకున్నా, మళ్లీ మైకు ముందు కూర్చోనివ్వలేదు. బల్లలు, ఫ్యాన్లు, బీరువాల లెక్క చూసే గదిలో వేశారు. ఖాళీ కుర్చీని ఖాళీగా ఉంచినవాళ్లు మాత్రం ఎవరి గదుల్లో వాళ్లు ఉండి, ప్రమోషన్లు కూడా తీసుకున్నారు. నిజం చెప్పినవాడికి శిక్ష వేసి, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నారు. దేవుడికి భయపడేదాన్ని కాబట్టి శాపనార్థాలు పెట్టను. కానీ ఇది అన్యాయమని ఎవరి ముందైనా చెబుతాను.

రిటైరై పటమట వచ్చాక ఆయన ఆ ఊసే ఎత్తేవారు కాదు. పొద్దున్నే గులాబీ మొక్కలకు నీళ్లు పోసి, పేపరు చదివి, మసీదుకు వెళ్లేవారు. నేను వెళితే టీ తనే పెట్టేవారు. ఒక్కసారి నేనే అడిగాను. "బాబాయ్, మళ్లీ అలా అయితే మళ్లీ రాస్తారా?"

"రాయకపోతే ఎట్టా తల్లీ?" అన్నారు, చక్కెర డబ్బా కోసం వెతుక్కుంటూ.

మూడో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక, ఆయన దగ్గర పని నేర్చుకున్న ఒకాయన ఆ నగరం నుంచి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఇప్పుడు అదే ఆఫీసులో మైకు ముందు కూర్చుంటాడు. పిన్ని అన్నం పెట్టింది. సగం తిని, కంచంలోకి చూస్తూ అన్నాడు.

"సార్‌కి జరిగింది చూశాక మేమెవరమూ రాయలేదమ్మా."

"ఏం రాయలేదు బాబూ?" అంది పిన్ని.

"ఇట్టాంటివే. నావే రెండున్నాయి. ఒకటి సార్‌ది కంటే దగ్గరగా పోయింది. నేనూ చెప్పలేదు, పైలట్లూ చెప్పలేదు."

ఇన్నేళ్లూ బాబాయి ఒక్కరికే అన్యాయం జరిగిందనుకున్నాను. ఆయన నోరు మూయించి, పైవాళ్లు ఆ గదిలో అందరి నోళ్లూ మూయించారు.

"వాటిలో ఎక్కినవాళ్లకి తెలుసా?" అని అడిగాను.

"తెలీదండీ."

పిన్ని అతని కంచంలో ఇంకాస్త కూర వేసింది. తర్వాత, "ఇప్పుడైనా రాయి బాబూ" అంది.

"పెద్దాడు ఇంటర్‌లో ఉన్నాడమ్మా" అన్నాడు.

పిన్ని అతన్ని పెరట్లోకి తీసుకెళ్లి చెంబుతో నీళ్లు పోసింది. అతను వంగి చేతులు కడుక్కున్నాడు. ఎప్పుడో శుభ్రమైపోయాయి. అయినా అతను చేతులు వెనక్కి తీసుకోలేదు, పిన్ని చెంబు దించలేదు. బక్కెట్లో నీళ్లు అడుగంటేదాకా ఇద్దరూ తలలెత్తకుండా అలాగే ఉన్నారు.