కిందమనిషి తట్టిన చప్పుడు

ఎల్లాజీకి కుడికన్ను పోయినప్పుడు సాలూరులో ఎవరూ అతన్ని ఎలా పోయిందని అడగలేదు. అడిగే అవసరం లేకుండా అతని బావ అప్పలసూరి ముందే ఊరంతా చెప్పేశాడు. "ఆడు తట్టలేదు. తట్టుంటే నానాపనా?" అన్నాడు. ఆ ఒక్క మాటతో కన్నుతోపాటు పనివాడిగా ఎల్లాజీకున్న పేరు కూడా పోయింది.

అప్పట్లో దుంగల్ని గోతి మీద కోసేవారు. దుంగను గోతికి అడ్డంగా పరిచి, పైన ఒకడు, గోతిలో ఒకడు నిలబడి పొడుగాటి రంపాన్ని లాగేవారు. గీత చూసుకునేది పైమనిషి. కిందమనిషికి కనిపించేదల్లా నెత్తిన పడే రంపపు పొట్టే. నోరు తెరిస్తే గొంతులోకి పోతుంది కనుక మూతికి గుడ్డ కట్టుకుంటాడు. మాట్లాడడు. పచ్చిమాను ఒక్కోసారి కోసిన చోటే మళ్లీ మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తుంది. ఆ బిగువు ముందుగా తెలిసేది కిందవాడి చేతికే. అప్పుడతను వేలికణుపులతో దుంగ కడుపు మీద రెండు దెబ్బలు తడతాడు. తట్టగానే పైవాడు ఆపాలి. కిందవాడు పక్కకు తప్పుకున్నాక కోతలో చీల దిగ్గొట్టి, మూసుకున్న చెక్కను విడదీయాలి. పైవాడికీ కిందవాడికీ మాటల్లేకపోయినా సరే, ఈ తట్టుడుకు మాత్రం జవాబు చెప్పి తీరాలి.

ఆ రోజు ఎల్లాజీ తట్టాడు. పొద్దుగూకే లోపల పలకలు దించేస్తానని షావుకారుకు మాటిచ్చిన అప్పలసూరి ఆగకుండా చీల మీద సుత్తి వేశాడు. ఏగిస మాను పేడు ఒకటి లేచి, తలెత్తి చూస్తున్న ఎల్లాజీ కంట్లో దిగబడింది.

నిజం చెబుదామంటే అప్పలసూరి పెళ్లాం తవిటమ్మ ఎల్లాజీకి స్వయానా అప్ప. అప్పటికి ఆమె నిండు నెలల మీద ఉంది. "మీ బావని పనిలోంచి తీసేస్తే నానెక్కడికి పోతాన్రా?" అని తమ్ముడి మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. ఎల్లాజీ మూతికి ఇంకా గుడ్డ ఉన్నట్టే ఊరుకున్నాడు. ఆ నెలలోనే కూర్మయ్య పుట్టాడు.

ఆ తర్వాత ఎల్లాజీకి పెళ్లి కాలేదు. ఒంటికన్నువాడికైనా పిల్లనిస్తారేమో గాని, తట్టని కిందమనిషికి పిల్లనిచ్చే వడ్రంగి ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. షెడ్డులో ఓ మూల కూర్చుని ఆకురాయితో రంపాల పళ్లు సాన పెట్టడం అతని పనయింది. అప్పలసూరి మేస్త్రీ అయ్యాడు. మేనల్లుడు కూర్మయ్య మాత్రం తండ్రి దగ్గర కంటే మావ పక్కనే ఎక్కువగా పెరిగాడు. చెక్క వాసన చూసి అది ఏ మానో చెప్పడం మావే నేర్పాడు. ఎల్లాజీకి ఈ లోకంలో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది వాడొక్కడే.

సాలూరులో లారీలు పెరిగాయి. వాటికి చెక్క బాడీలు కట్టే షెడ్లు పెరిగాయి. అరవయ్యెనిమిదిలో షావుకారు నారాయణమూర్తి షెడ్డుకు కరెంటు తీగ వచ్చింది. ఆ ఏడే కొండల వైపు పోలీసు వేన్లు ఎక్కువగా తిరగడం మొదలైంది. ఎందుకెళ్తున్నాయో పైకి ఎవరూ అడిగేవారు కాదు. అడగకపోవడం ఈ నేలలో పాత అలవాటు. షావుకారు బెంగ వేరే. పక్క షెడ్డువాడు వారానికో బాడీ కట్టి పంపుతుంటే తన షెడ్డు ముందు లారీలు ఎండలో పడి ఉంటున్నాయి.

"చేత్తో కోత ఇంక చాలు. బల్లరంపం కొందాం. మోటారుతో తిరిగేది, బాగా పెద్దది. సూరీ, నువ్వు చూసి ఏది మంచిదంటే అదే" అన్నాడు షావుకారు.

దాని మీద ఎవరు పని చేస్తారో షెడ్డులో అందరికీ తెలుసు. వయసులో ఉన్నవాడు, మేస్త్రీ కొడుకు, కూర్మయ్యే. కోసిన పలకను అవతలి వైపు పట్టుకోవడానికి మరో మనిషి కావాలి. "మావుంటాడు" అన్నాడు కూర్మయ్య. అప్పలసూరి ముఖం చిట్లించాడు గాని కాదనలేదు.

ముందు విజయనగరం వెళ్లారు. అక్కడ మూతపడ్డ ఓ కోతమిల్లులో పాత మిషను అమ్మకానికి ఉంది. పోత ఇనుముతో చేసిన బల్ల, ఏనుగు పిల్లంత ఉంది. ఎల్లాజీ రెండు చేతులతోనూ నెట్టి చూశాడు. ఇసుమంతైనా కదల్లేదు. రంపం చక్రం వెనకాల, పళ్లకు దగ్గరగా, నిలువునా ఓ ఇనప రేకు ఉంది. చక్రం అంత మందమే ఉంది. ఎల్లాజీ దాని మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నిమిరాడు.

"అదేటి మావా?" అన్నాడు కూర్మయ్య.

"నాకూ తెల్దురా. మన చీల్లాగున్నాది. కోసిన సెక్క మూసుకోకుండా అడ్డం నిలబడతాదేమో."

"మిషనుకి చీలేట్రా!" అప్పలసూరి పకపకా నవ్వాడు. "ఇది మా తాత పెళ్లినాటి సరుకు. ఊడదీసుకెళ్లడానికి ఓ ఊరు మనుషులు కావాల. సావుకారు నవ్వుతాడు, పద."

తర్వాత రాజాం. అక్కడి దుకాణంలో కొత్త మిషను ఉంది. ఆకుపచ్చ రంగు, కోణం పట్టీలతో కట్టిన కాళ్లు, పక్కన మోటారు. దుకాణందారు దాన్ని అద్దంలా తుడిచి ఉంచాడు. స్విచ్చి వేసి, అరిటాకు మందం మామిడి పలక ఒకటి తోశాడు. రంపం దాన్ని వెన్న కోసినట్టు కోసుకుపోయింది. కూర్మయ్య కళ్లు మెరిశాయి. ఎల్లాజీ వంగి చక్రం వెనక చూశాడు. అక్కడ ఏమీ లేదు. బల్ల మీద చెయ్యి వేస్తే, మోటారు ఆగాక కూడా కాసేపు వణుకుతూనే ఉంది.

"బావా, మన గుగ్గిలం మాను ముక్కొకటి తెచ్చి ఎడితే బాగున్ను" అన్నాడు ఎల్లాజీ. "మామిడి సెక్క కొయ్యడానికి మిషనెందుకు? మనం కోసేది కొండ మాను. పచ్చిది. పట్టేస్తాది."

దుకాణందారు అప్పలసూరి వంక చూశాడు. అప్పలసూరి తాపీగా బీడీ ముట్టించుకున్నాడు.

"ఈడు మా బావమరిదండి. ఒంటికన్నోడు. సగం మిషనే కనబడతాది ఈడికి."

అందరూ నవ్వారు. కూర్మయ్య కూడా నవ్వబోయి, మావ ముఖం చూసి ఆపుకున్నాడు. ఆకుపచ్చ మిషను బాగుందో లేదో అప్పలసూరి అసలు చూశాడని చెప్పలేం. విజయనగరంలో ఎల్లాజీ వేలు పెట్టిన మిషను మాత్రం కొనకూడదని చూశాడు. కిందమనిషి మాట ఒక్కసారి నిజమైతే, దాని వెనకే ఇంకేం మాట నిజమవుతుందో అతనికి బాగా తెలుసు.

ఆకుపచ్చ మిషనే లారీ మీద సాలూరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. తవిటమ్మ పసుపు కుంకుమ పెట్టి హారతిచ్చింది. ఎల్లాజీ మూతికి గుడ్డ కట్టుకుని అవతలి వైపు నిలబడ్డాడు. మోటారు రొద రేకుల షెడ్డులో పడి పదింతలై, పక్క మనిషి మాట కూడా వినపడకుండా చేసింది.

కొన్నాళ్లు బాగానే సాగింది. ఎండిన చెక్క, పల్చటి పలకలు. షావుకారు వచ్చిన వాళ్లందరికీ మిషను చూపించి మురిసిపోయాడు. తర్వాత కొండ మీంచి పచ్చి గుగ్గిలం దిగింది.

దాన్ని కోసిన మొదటి రోజునే ఓ పలక వెనకభాగం మూసుకుని చక్రాన్ని కరిచింది. పలక బల్ల మీంచి లేచి, కూర్మయ్య చంక పక్కనుంచి దూసుకుపోయి, వెనకున్న రేకు గోడకు కొట్టుకుంది. మోటారు ఆపాక అందరూ వెళ్లి చూశారు. రేకు కొబ్బరిచిప్పంత లోతుకు సొట్టపోయింది. సరిగ్గా మనిషి రొమ్ము ఎత్తున ఉంది ఆ సొట్ట.

"గట్టిగా అదిమి పట్టుకోవాల్రా, సన్నాసీ" అని కొడుకును కసిరాడు అప్పలసూరి.

ఆ రోజు నుంచి ఎల్లాజీ కన్ను ఆ సొట్ట మీదే. అన్నం తింటున్నా అటే చూసేవాడు. షావుకారు దగ్గరకెళ్లి, "బాబూ, ఇజీనారం మిషనుకున్నలాటి రేకోటి దీనికీ పెట్టించండి" అన్నాడు. షావుకారు లెక్క చూసుకుంటూ తల ఎత్తకుండానే, "మీ బావనడుగు. మేస్త్రీ అతనా నువ్వా?" అన్నాడు. అప్పను అడిగాడు. తవిటమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, "ఆ పాత పగ ఇంకా ఎందుకురా, కుర్రోడి పని సెడగొడతావేటి?" అంది. ఎల్లాజీ గుమ్మంలోంచే వెనుదిరిగాడు. కన్ను పోయిన నాడు కూడా అంత నొప్పి పుట్టలేదతనికి.

ఇంక ఎవరినీ అడగలేదు. టేకుముక్క చెక్కి చిన్న చీల ఒకటి చేసుకున్నాడు. పలక సగం కోతకు వచ్చేసరికి, అవతలి వైపునుంచి కోతలోకి ఆ చీల దూర్చేవాడు. చెక్క మూసుకోకుండా నిలిచేది. కూర్మయ్యకు సంగతి తెలిసి చీల పడేదాకా తోయడం ఆపేవాడు. ఇద్దరికీ మాటల్లేకుండానే కుదిరింది. గోతి మీద తనకూ ఓ నమ్మకమైన పైమనిషి దొరికి ఉంటే ఇలాగే ఉండేదనుకున్నాడు ఎల్లాజీ.

అయినా అది ఎన్నాళ్లో సాగలేదు. ఓ మధ్యాహ్నం నరసింగరావు అనే లారీ ఓనరు షెడ్డుకు వచ్చాడు. తన లారీ మర్నాటికల్లా రోడ్డెక్కాలని షావుకారు మీద అరుస్తున్నాడు. ఎల్లాజీ పలకలో చీల దూర్చడం చూసి నిలబడిపోయాడు.

"ఏటోయ్ మేస్త్రీ, కరెంటు మిషన్ని కూడా గోతి రంపంలా చేసేశారేటి? ఇలాగైతే నా లారీ వచ్చే ఏడు తిరుగుద్ది."

షావుకారు ముఖం కందిపోయింది. అప్పలసూరి గబగబా వచ్చి, మోటారు తిరుగుతుండగానే, ఎల్లాజీ చేతిలోంచి చీల లాక్కుని బయట పొదల్లోకి విసిరేశాడు.

"నీ గోతి బుద్ధి గోతిలోనే ఎట్టుకో! ఒరే కూర్మా, తొయ్యి. నాను సూస్తన్నాను, ఆపకుండా తొయ్యి."

కూర్మయ్య మావ వంక చూశాడు. ఎల్లాజీ అడ్డంగా తల ఊపాడు. అప్పలసూరి మళ్లీ అరిచాడు. కూర్మయ్య పలక ఎత్తి బల్ల మీద పెట్టాడు. బరువైన పచ్చి గుగ్గిలం. గోడ సొట్టకు ఎదురుగా నిలబడకుండా కొంచెం పక్కకు జరిగాడు, మావ చెప్పినట్టే. కాని అలా జరిగితే పలక అదిమి పట్టడానికి చెయ్యి చక్రం దగ్గరకు చాపక తప్పదు.

సగం దాకా వచ్చింది. ఎల్లాజీ చేతికి తెలిసింది. చెక్క నోరు మూసుకుంటోంది. గోతిలో తెలిసినట్టే, ఆ బిగువు అరచేతిలోంచి మోచేతికి పాకింది. ఆ క్షణంలో అరవాలి. గుడ్డ లాగేసి గొంతు చించుకుని అరవాలి. పరుగెత్తి స్విచ్చి మీద పడాలి. కాని నోరు మూసుకుని బతికినవాడి ఒంటికి తెలిసిన దారి ఒక్కటే. అతని వేళ్లు వాటంతటవే ముడుచుకుని, పలక కడుపు మీద రెండు దెబ్బలు తట్టాయి.

మోటారు రొదలో ఆ చప్పుడు చీమ నడిచినంత కూడా వినపడలేదు. మళ్లీ తట్టాడు. కూర్మయ్య తోస్తూనే ఉన్నాడు.

పలక ఎగిరింది. దాని వెంట కూర్మయ్య చెయ్యి చక్రం మీదికి వెళ్లింది.

నరసింగరావు లారీ బాడీ లేకుండానే, ఉత్త చట్రం మీద, కూర్మయ్యను విజయనగరం పెద్దాసుపత్రికి మోసింది. ప్రాణం మిగిలింది. కుడిచేతికి బొటనవేలు తప్ప ఏదీ మిగల్లేదు. వడ్రంగి పని అక్కడితో సరి.

సాయంత్రానికి ఊళ్లో మాట పాకింది. అవతల ఒంటికన్నోడు నిలబడ్డాడట, చూసుకోలేదట, చెప్పలేదట. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో ఎల్లాజీ కనుక్కోలేదు. కనుక్కోవలసిన పని లేదు.

ఆసుపత్రిలో కూర్మయ్య కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని పడుకునేవాడు. మావ వచ్చి మంచం పక్కన కూర్చుంటే గోడ వైపు తిరిగిపోయేవాడు కాదు. అది చాలనుకునేవాడు ఎల్లాజీ. ఒక రోజు వాడే అన్నాడు, "నీ వేళ్లు కదల్డం సూసేను మావా. ఏటో అర్థం కాలేదు." వాణ్ని ఎప్పుడూ గోతిలోకి దింపలేదు. తట్టుడు సంగతి వాడికి ఎవరూ నేర్పలేదు. నేర్పవలసినవాడు నేర్పలేదు. ఎల్లాజీ లేచి వరండాలోకి వచ్చేశాడు.

షెడ్డులో ఆకుపచ్చ మిషను మళ్లీ తిరుగుతోంది. రక్తం కడిగారు. మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. దాని ముందు వేరే ఎవరి కొడుకో నిలబడ్డాడు.

ఎల్లాజీ సాలూరులో ఉండదలచలేదు. నౌపడలో ఉప్పు మళ్లకు నీళ్లు కట్టే చెక్క తలుపులు బాగుచేసే పని ఉందని ఎవరో చెబితే, ఆకురాళ్ల మూట భుజాన వేసుకుని బయల్దేరాడు. లారీల అడ్డా దగ్గర ఎక్కడానికి నిలబడి ఉంటే అప్పలసూరి వచ్చాడు. మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. గడ్డం పెరిగింది. వచ్చి ఎదురుగా నిలబడి చేతులు నలుపుకున్నాడు. లారీ డ్రైవరు హారను కొట్టాడు. అప్పుడు అడిగాడు అప్పలసూరి.

"ఒరే ఎల్లాజీ... నిజం సెప్పరా. ఆ దినం పలక పట్టేసినప్పుడు, నువ్వు తట్టేవా?"

ఎల్లాజీ లారీ చక్రం మీద కాలు వేసి, పైకెక్కి, మూట సర్దుకుని కూర్చున్నాడు. ఒంటికన్నుతో కిందనున్న బావను చూశాడు. వాళ్లిద్దరిలో పైన ఉండడం అతనికి అదే మొదటిసారి.

"తట్టేను బావా. ఈసారి నీకు ఇనబళ్లేదు. అప్పుడు ఇనబడ్డాది."