దండె ఆనని భుజం

రీమాక్ పేటలో బూట్లు బాగుచేసే హసింతో అనే ముసలాయన ఆ అక్టోబరులో తన బూట్ల మడమలే ఎత్తు చేసుకున్నాడు. తోలు ముక్క మీద తోలు ముక్క అంటించి, రెండు వేళ్ళ మందం తెచ్చి, పైన నల్లరంగు పూశాడు. పాపం, ముసలితనాన్ని మేకులు కొట్టి ఆపుదామనుకున్నాడు.

లీమా ఊళ్ళో ఏటా అక్టోబరులో ఊరేగించే అద్భుతాల స్వామి సిలువ పటం పల్లకి మోసేవాళ్ళని భుజాల ఎత్తును బట్టి నిలబెడతారు. హసింతో ఒకప్పుడు భుజాన మోసే దండె మధ్యలో ఉండేవాడు. నడుం వంగేకొద్దీ ఏటా కొంచెం జరుగుతూ, ఇప్పుడు చిట్టచివర పొట్టివాళ్ళ పక్కన తేలాడు. ఆ తరవాత ఇక జరగడానికి చోటు లేదు.

భార్య దొమితీలాకి కిడ్నీలు పాడైనప్పుడు ఆయన స్వామికి మొక్కుకున్నాడు. ఆమె ప్రాణం నువ్వు నిలుపు, నిన్ను నేను మోస్తాను అన్నాడు. ఏటా మోశాడు, ఏటా ఆమె బతికింది. వారం వారం ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకుంటూ కూడా మొగుడితో దెబ్బలాడేంత ఓపిక మిగుల్చుకుంది. ఊరేగింపు నుంచి రాగానే ఆయన చొక్కా విప్పించి, కమిలిన భుజానికి కర్పూరం నూనె రాసేది. పోయినేడు బరువే తెలియలేదని, అంతా స్వామి దయేనని ఆయన ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. ఈ ఏడు, అక్కడ చలికాలమైన జూలైలో, ఆమె మంచం పట్టింది. సూది గుచ్చడానికి మంచి నరం దొరకడం లేదని డాక్టర్లు పెదవి విరిచారు.

మోతగాళ్ళ పెద్ద, ఎవరిస్తో అనే ఆయన, ఆ బూట్లు చూసి నవ్వాడు.

"ఏం తమ్ముడూ, పెళ్ళిలో డాన్సుకా?"

"కాళ్ళ నొప్పులన్నా. ఎత్తుగా ఉంటే హాయిగా ఉంటుంది."

"డెబ్బై దాటినవాడివి. ఈసారికి పక్కన నడవరాదూ? నడిచినా పుణ్యమే."

"నేను మొక్కుకుంది నడుస్తానని కాదు."

ఎవరిస్తో చోటు చూపించాడు.

తాక్నా వీధి పొడుగునా ఊదారంగు బట్టలు, సాంబ్రాణి పొగ. గంట మోగింది. పల్లకి లేచింది. హసింతో భుజం ఎగదోసి చూశాడు. దండెకీ భుజానికీ మధ్య అరచెయ్యి దూరేంత సందు. మునివేళ్ళ మీద లేచాడు, నాలుగడుగులకే పిక్కలు పట్టేశాయి. చేతిరుమాలు మడతపెట్టి సందులో దూర్చాడు. గుడ్డ దండెకు తగిలింది గానీ బరువు దిగలేదు.

ముందున్న లావుపాటి మనిషి వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు. "పెదనాన్నా, హైరానా పడకు. బరువు మేం చూసుకుంటాంలే."

అంత దయగా ఎవరూ ఆయన్ని కొట్టి ఉండరు. ఖాళీ భుజంతో, దండె కింద దొంగలా నడుస్తూ ఏడ్చాడు. జనం అది భక్తి అనుకున్నారు. ఒకావిడ ఆయన్ని చూసి తనూ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి తిన్నగా వెళ్ళలేకపోయాడు. కొట్టు తాళం తీసి, మేకులు కొట్టే సుత్తి అందుకుని, భుజం కమిలేదాకా కొట్టుకున్నాడు. మచ్చ చూస్తే ఆమె ధైర్యంగా ఉంటుందనుకున్నాడు.

దొమితీలా దిండుకి ఆనుకుని కూర్చుంది. కర్పూరం నూనె సీసా అప్పటికే ఒళ్ళో పెట్టుకుంది.

"చొక్కా విప్పవయ్యా. బరువుగా ఉందా?"

"ఉంది. ఈసారి బాగా బరువుంది."

ఆమె వేలితో మచ్చ చుట్టూ తడిమింది.

"దండె మచ్చ పొడుగ్గా ఉంటుంది ముసలాయనా. ఇది గుండ్రంగా ఉంది. సుత్తితో కొట్టుకున్నావా?"

హసింతో చొక్కా భుజం మీదికి లాక్కోబోయాడు.

"పోయినేడు ఈ మచ్చ కూడా లేదు," అంది ఆమె. "అప్పుడు నీ భుజం పసిపిల్లాడి భుజంలా నున్నగా ఉంది. నువ్వేమో సంబరంగా చెప్పుకుపోతున్నావు. ఏమనను? ఊరికే నూనె రాశాను."

"దండె ఆనలేదని ఏడాదంతా తెలిసే ఊరుకున్నావా?"

"తెలుసు. అందుకే చలికాలంలో మంచం పట్టినప్పుడు నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు."

నూనె అరచేతిలో ఒంపుకుని ఆయన భుజం మీద వేసింది. రాసే ఓపిక లేక చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చేతికి కూడా బరువు లేదు.