జమునక్క వేసిన అరవై రెండు

జమునక్క చేతి నుంచి మార్కులు రాలడం కష్టమని జగిత్యాల చుట్టుపక్కల బళ్లన్నిటికీ తెలుసు. లెక్కల టీచర్. మొదట సిరిసిల్లలో, బదిలీ అయ్యాక మల్యాలలో. జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఒక మెట్టు ఎగ్గొడితే అర మార్కు కోసేది. ముప్పై అయిదు పాస్, యాభై సెకండ్ క్లాస్, అరవై ఫస్ట్ క్లాస్. ప్రభుత్వం గ్రేడులు తెచ్చినా ఆమె తలలో మాత్రం ఆ పాత లెక్కే నడిచింది.

తెలిసినవాళ్ల పేపర్ ముట్టేది కాదు. ఒకసారి ఆమె ఆడబిడ్డ కూతురు శ్రీవాణి పేపరే ఆమె కట్టలోకి వచ్చింది. తీసి ఇంకో టీచర్ బల్ల మీద పెట్టింది. ఆయన ముప్పై మూడు వేశాడు. రెండు మార్కుల్లో పిల్ల తప్పింది. ఆడబిడ్డ మూడేళ్లు మాట్లాడలేదు. "నువ్వు దిద్దితే పాసయ్యేది గద అక్కా" అని నేను అడిగితే, "నేను దిద్దితే ముప్పై ఒకటే వచ్చేటివి" అంది. అట్లాంటి మనిషితో పని పెట్టుకున్నాను నేను. తప్పంతా నాది కాబట్టి ఇదంతా నేనే చెప్పాలి.

నా పేరు హరీశ్. ఆమె మా పెద్దమ్మ కూతురు. కోరుట్లలో ఒక మొబైల్ షాపు పైగదిలో కంప్యూటర్ ఆటల వెబ్‌సైట్ నడుపుతాను. ఏ ఆట కొనచ్చు, ఏది దండగ అని రాసి వందకు ఇన్ని అని మార్కులు వేయడం మా పని. తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ. మొదట్లో అవన్నీ నేనే రాసేవాణ్ని. రాయడమంటే, బయటి దేశాలవాళ్లు రాసినవి నాలుగు చదివి, వాళ్ల మార్కులకు ఒకటి అటో ఇటో చేసి వేసేవాణ్ని. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ ఈ రంగంలో సిగ్గుపడేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

అక్క మొగుడు దివాకర్ బావ మస్కట్‌లో పనిచేస్తాడు. ఒకసారి సెలవుకు వస్తూ టీవీకి తగిలించే ఆటల పెట్టె, అందులోకి ఒక ఆట తెచ్చుకొని, నెలంతా దాని ముందే కూర్చొని, పోయేటప్పుడు ఇంట్లో వదిలేసి పోయాడు. అందులో ఏముందని ఆయన తిండికి కూడా లేవలేదో చూద్దామని అక్క మొదలుపెట్టింది. పది రోజుల తర్వాత నా ఫోనుకు పదకొండు ఫొటోలు వచ్చాయి. లాంగ్‌బుక్కులో మార్జిన్ కొట్టి, ఆ ఆటలోని తప్పులన్నీ వరుస నంబర్లతో రాసింది. చూడ్డానికి ఇరవై, ఆడడానికి నలభై, కథకు ఇరవై, తప్పులు లేనందుకు ఇరవై. మొత్తం నలభై ఒకటి. కింద "పాస్" అని రాసి సంతకం.

వందలమంది ఏళ్లకేళ్లు చేసిన ఆట అది. ప్రపంచమంతా తొంభై దాటించి నెత్తిన పెట్టుకుంది. నేను అక్క రాసింది పేరు లేకుండా వేశాను, సర్కారు టీచర్ కదా. నాలుగు రోజులు జనం బూతులు తిట్టారు, చదివారు కూడా. ఆ తర్వాత నాలుగేళ్లు మా సైటులో మార్కులన్నీ అక్కవే. ఏ ఆటనైనా చివరిదాకా ఆడకుండా ఒక్క అంకె వేయలేదు. పొద్దున బడికి పోయే ముందు ఒక గంట, సాయంత్రం వంట అయ్యాక రెండు గంటలు.

నేను ఒకటి రెండుసార్లు చెప్పి చూశాను.

"అక్కా, బయట డెబ్బై అంటే ఫెయిలే. మంచిగున్న ఆటకు ఎనభై, ఎనభై అయిదు ఏస్తరు."

"గట్లయితే సున్న నుంచి డెబ్బై దాక అంకెలు ఎందుకు పెట్టుకున్నరు? తీసేయమను. మిగిలిన ముప్పై అంకెలతోనే బతకమను."

ఆమె వేసిన అంకెలే ఎక్కించాను.

పోయిన ఏడాది మాకొక గొప్ప జరిగింది. ప్రపంచంలోని విమర్శకుల మార్కులన్నీ పోగుచేసి, ప్రతి ఆటకూ సగటు తీసి చూపే పెద్ద సైటు ఒకటుంది. వాళ్లు మా ఇంగ్లీషు పేజీని కూడా తమ లెక్కలో చేర్చుకున్నారు. కోరుట్లలో కనపడ్డవాడికల్లా ఈ సంగతి చెప్పి టీ తాగించాను. ఇక మీదట అక్క వేసే మార్కు ఎక్కడెక్కడికి పోతుందో, ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదు.

ఈ మార్చిలో సిరిసిల్ల నుంచి వందన అనే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ల నాన్న మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. ఆమె, ఇంకా ఏడుగురు కలిసి మూడేళ్లు కష్టపడి "పోగు" అనే ఆట చేశారు. మగ్గానికి డిజైను చెప్పే అట్టలుంటాయి కదా, వాటికి మనం రంధ్రాలు కొట్టాలి. ఏ రంధ్రం ఎక్కడ పడిందో దాన్నిబట్టి చీర అంచు మీద పువ్వో నెమలో వస్తుంది. ఒక్కటి తప్పు కొడితే ఇరవై వరుసల తర్వాత డిజైను చెడుతుంది. మొత్తం అరవై చీరలు.

"అన్నా, జర మంచిగ చూడున్రి," అంది వందన. "గీ ఆటకు పైసలు పెట్టిన బెంగళూరోళ్లు మాట రాయించుకున్నరు. విమర్శకుల సగటు డెబ్బై అయిదు ఉంటేనే రెండో ఆటకు పైసలు పెడ్తరట. లేకుంటే గీ రూం బంద్ జేసుడే. ఎనిమిదిమందిమి రోడ్డు మీద పడ్తం." తర్వాత నవ్వి, "గీ ఆటల లెక్కలన్ని మా జమున మేడం చెప్పినయే. సిరిసిల్లల ఆమె తాననే సదువుకున్న" అంది.

గతుక్కుమన్నాను. మా సైటుకు రాసేది ఆ మేడమే అని ఈమెకు తెలియదు. ఆట ఎవరు చేశారో అక్కకు తెలియదు. విడుదలకు ముందే పంపే కాపీ కాబట్టి అందులో చేసినవాళ్ల పేర్లు ఇంకా ఎక్కించలేదు. నేను ఇద్దరికీ చెప్పకుండా ఆటను అక్కకు పంపాను.

తొమ్మిది రోజులకు లాంగ్‌బుక్కు ఫొటోలు వచ్చాయి. పద్నాలుగు పేజీలు. అక్క అంత ప్రేమగా రాయడం నేను ఎన్నడూ చూడలేదు. నలభై ఏడో చీరలో అంచు ఎడమవైపు తిరగబడిందని, అది సరిచేస్తే ఇంకో మూడు మార్కులు కలపచ్చని కూడా రాసింది. చివర ఎర్ర సిరాతో: అరవై రెండు. ఫస్ట్ క్లాస్. నాలుగేళ్లలో ఆమె ఎవరికీ అరవై ఇవ్వలేదు.

అప్పటికే ఏడుగురు విమర్శకులు మార్కులు వేసేశారు. సగటు డెబ్బై ఆరు. నేను వేళ్ల మీద లెక్కవేసుకున్నాను. అరవై రెండు కలిస్తే డెబ్బై నాలుగు చిల్లర. వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఇంకో పది మార్కులు ఏయరాదు? శాన మంచిగున్నదని నువ్వే రాసినవ్ గద."

"మంచిగున్నదనే గద అరవై రెండు ఇచ్చిన. ఏందిరా, తెలిసినోళ్లదా?"

అవును అంటే చాలు. "గట్లయితే నా కాయిదాలు వెనక్కి పంపు" అనేది. ఆ మార్కు ఎక్కడా పడేది కాదు, డెబ్బై ఆరు డెబ్బై ఆరుగానే ఉండేది. ఆ సంగతి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నప్పుడే నాకు తెలుసు. కానీ మన జిల్లా ఆట మీద మన సైటు మాటే లేకపోతే ఎట్లా అనుకున్నాను. ఆ పద్నాలుగు పేజీలను వదులుకోబుద్ధి కాలేదు. ఒక్క మార్కుకు బెంగళూరువాళ్లు అంత పట్టుబడతారా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

"కాదక్కా" అన్నాను. ఆ సాయంత్రమే వేసేశాను.

నాలుగు రోజులయ్యాక, ఇక దాచడం దేనికని, ఆ ఆట చేసింది నీ శిష్యురాలే అని అక్కకు చెప్పాను. అబద్ధం చెప్పినందుకు తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. కానీ ఆ వెంటనే గొంతు మారిపోయింది. "వందననా? రెండు జడలేసుకొని కిటికీ కాడ కూసునే పిల్లనా? నా పిల్ల గిట్లాంటిది చేసిందా?" అంటూ ఆ ఆదివారమే పోదామంది. జగిత్యాల బస్టాండులో స్వీటు డబ్బా కొని, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాం. బస్సులో దారిపొడవునా ఆ పిల్ల గురించే చెప్పింది. డెబ్బై అయిదు షరతు సంగతి మాత్రం నేను చెప్పలేదు.

గదిలో ఐదు బల్లలు ఖాళీగా ఉన్నాయి. వందన ఒక్కతే కంప్యూటర్ తీగలు చుట్టి అట్టపెట్టెలో పెడుతోంది. మేడంను చూసి లేచి నిలబడింది. అక్క డబ్బా ఆమె చేతిలో పెట్టి, "అరవై రెండు మార్కులు ఏసింది నేనే బిడ్డా. ఫస్ట్ క్లాస్ల పాసైనవ్" అంది.

వందన డబ్బాను బల్ల మీద పెట్టింది. తర్వాత నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అప్పుడామె డెబ్బై అయిదు షరతు గురించి, ముందురోజు బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరం గురించి మెల్లగా చెప్పింది. కోపం లేదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మార్చు," అని అక్క నా మీద అరిచింది. "ఇప్పుడే మార్చు హరీశ్."

మార్చడానికి లేదు. ఆ పెద్ద సైటు మొదట వేసిన మార్కునే తీసుకుంటుంది. సగటు పడిపోయాక వాళ్లకు రెండుసార్లు రాసి అడిగాను కూడా, ఒప్పుకోలేదు.

వందన బల్ల మీది కాగితం ఒకటి తీసి మేడంకు ఇచ్చింది. విమర్శకులకు పంపిన ఎనిమిది కాపీల్లో ఎవరు ఎంతసేపు ఆడారో ఆట చేసినవాళ్లకు తెలిసిపోతుంది. డెబ్బై ఎనిమిది వేసినాయన యాభై నిమిషాలు ఆడాడు. ఎనభై వేసినాయన రెండు గంటలు. ఒకాయన ఆట తెరవనే లేదు, డెబ్బై నాలుగు వేశాడు. అందరికన్నా కింద అక్క గంటలు ముప్పై నాలుగు, చీరలు అరవైకి అరవై.

"గీ ముప్పై నాలుగు గంటలు ఆడినోళ్లు ఎవలో గని, దొరికితే కాళ్లు మొక్కాలనుకున్న మేడం," అంది వందన. "నలభై ఏడో చీర తప్పు ఎవ్వలు పట్టలే. మీరొక్కలే పట్టిన్రు. మార్కులు చూసినంక ఏడ్సిన."

"అరవై రెండంటే తక్కువ గాదు బిడ్డా. నేను ఎవలకు..."

"మీ తాన ఫస్ట్ క్లాసే మేడం. నాకు ఎరుకే." ఇంకో తీగ చుట్టడం మొదలుపెట్టింది. "మీరు గూడ ఆడకుంటనే ఏస్తే బాగుండు."

అక్క ఆ కాగితాన్ని పట్టుకొని అట్లాగే నిలబడింది. లెక్క తప్పు చెప్పిన పిల్లలు బోర్డు ముందు నిలబడినట్టు. వందన టీ పెడతానంటే వద్దంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక్కటే మాట అంది. "తెలిసినోళ్లదా అని నేను అడిగిన గద." నేను కిటికీ వైపు తిరిగి జగిత్యాల దాకా ఏడ్చాను.

వందన ఇప్పుడు హైదరాబాదులో ఎవరి ఆటకో తప్పులు వెతికే పనిలో చేరిందని విన్నాను. మిగిలిన ఏడుగురి సంగతి నాకు తెలియదు.

నెల తర్వాత అక్కకు కొత్త ఆట ఒకటి పంపాను, రాయదేమో అనుకుంటూనే. గంటలోపే జవాబు వచ్చింది. ఫొటోలు లేవు, లాంగ్‌బుక్కు లేదు. ఐదు వాక్యాలు, వాటి కింద డెబ్బై ఎనిమిది. ఫోన్ చేశాను.

"ఎందాక ఆడినవ్ అక్కా?"

"ఎందుకు ఆడుడు? మార్కులు గావాలంటివి, ఏసిన."

"అక్కా..."

"తక్కువైతే చెప్పు, ఇంకో అయిదు ఏస్త."

చాలు అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ ఐదు వాక్యాలూ, డెబ్బై ఎనిమిదీ అదే రోజు వేశాను. ఈసారి ఒక్కరు కూడా తిట్టలేదు.