స్పీకరుకు తొడిగిన బొంత గలీబు

మా ఇంట్లో ఏ వస్తువూ ఒంటి మీద బట్ట లేకుండా ఉండదు. టీవీ రిమోటుకు పాలిథిన్ కవరు, మిక్సీకి పాత లంగా గుడ్డ, ఫ్రిజ్ హ్యాండిలుకు తువ్వాలు ముక్క. అనకాపల్లిలో మా ఇల్లు బెల్లం మార్కెట్టుకు పోయే దారిలో ఉంది. పొద్దున్న తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. మూడో తరగతిలోనే బడి మానేసినదాన్ని గానీ, దుమ్ము తగలకపోతే వస్తువు నాలుగు కాలాలు ఉంటుందని నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే మా కోడలు రెండో స్పీకరు కొని తెచ్చిన రోజున, ఆమె కాళ్లు కడుక్కుని వచ్చేలోగానే దానికి గలీబు తొడిగేశాను. పాత బొంతలోంచి కత్తిరించి మరిదేనికో కుట్టి ఉంచినది, సరిగ్గా సరిపోయింది. లోపల పాలిథిన్ కూడా చుట్టాను. మొదటి స్పీకరు ముందుగదిలో ఉంది. దాని గలీబు పల్చటి వాయిలు చీరది.

అసలు ఆ రెండోదాని మీద నేను పెద్ద గొడవే చేశాను.

"ఒకటుంది గదా, రెండోదెందుకే? పాట రెండు డబ్బాల్లో ఇంటే తీపెక్కుతాదా?"

"ఎనకగదిలో జాకెట్లు కుట్టుకుంటుంటే మిషను సప్పుడికి మీ పాట నాకు సగం ఇనబడదత్తా. మీరు ముందుగదిలో నవ్వుతారు. ఎందుకు నవ్వేరో నాకు తెలీదు."

"ఫోన్లో పెట్టుకో."

"అది నా ఒక్కదాని పాట. మీరింటన్నదే నానూ ఇనాల."

కుట్టుపని డబ్బుతో కొనుక్కుంది కాబట్టి అంతకన్నా అనలేకపోయాను. పైగా పని చేయకపోతే రేపు సాయంత్రంలోగా తెచ్చి ఇచ్చేయమన్నాడట కొట్టువాడు. ఆ మాట నాకు బాగానే నచ్చింది.

రెండింటినీ జత కలిపే పద్ధతి విచిత్రం. తీగ లేదు, ఏమీ లేదు. పాతది ఒక కూత పెడుతుంది, కొత్తది ఆ కూత విని గుర్తుపడుతుంది. అంతే. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని మాత్రం ఫోన్లో రాసి వచ్చింది. కోడలు రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఫోను మా ఆయన చేతికిచ్చింది.

మార్కెట్టు దారిలో నిశ్శబ్దమట! ఫ్యాను ఆపాం. కిటికీలు మూశాం. పాతది పిట్టలా కూసింది, కొత్తది పలకలేదు. మళ్లీ నొక్కితే సరిగ్గా అప్పుడే కుక్కరు విజిలేసింది. పప్పు ఉడకకుండానే స్టవ్వు ఆపించారు. ఇంకోసారి నొక్కితే లారీ హారను. ఆ తరువాత మా ఆయన దగ్గు.

"కాసేపు దగ్గకుండా ఉండలేవా?" అని కసిరాను.

"నా దగ్గుకి కాదే, నీ గొంతుకి జడిసి పలకట్నేదది," అన్నాడాయన.

కోడలు పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను మూతి బిగించుకుని కూర్చున్నాను. ఈసారి చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. పాతది కూసింది. కొత్తది రాయిలా కూర్చుంది.

కోడలి నవ్వు పోయింది. "పోన్లే మావా, దీనికి సెవుడున్నట్టుంది. రేపు ఇచ్చేత్తాను," అని అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టి, వెనకగదికి వెళ్లిపోయింది. మిషను ముందు కూర్చున్న చప్పుడైంది గానీ, మిషను తిరిగిన చప్పుడు కాలేదు. నా మాటే నెగ్గింది. అయినా ఆ మూగ మిషను నాకు నచ్చలేదు.

"ఉండు, ఆఖరిసారి నొక్కుతాను," అన్నాడు మా ఆయన.

నేను పట్టించుకోలేదు. స్పీకరు పోతే పోనీ, నా గలీబు కొట్టువాడికెందుకు? దాన్ని ఒళ్లో పెట్టుకుని, గలీబు లాగేసి, పాలిథిన్ విప్పి మడత పెడుతున్నాను. పాతది కూసింది. నా ఒళ్లోది టింగుమంది. మరుక్షణం రెండింట్లోంచీ ఒకటే పాట!

కోడలు పరుగున వచ్చింది. "అత్తా! ఏటి సేసేరు?"

"ఏటి సేసేను? నా గుడ్డ నాను తీసుకున్నాను."

ఆమె నా చేతిలోని బొంతముక్కను చూసింది, స్పీకరును చూసింది. "ఓలమ్మా! సెవులకి బొంత సుట్టేసి ఇనమంటే ఎలా ఇంటాదత్తా!"

మా ఆయనకు నవ్వులోంచి దగ్గొచ్చింది. "అలాటిదే నాకూ ఒకటి కుట్టెయ్యే. నీ మాటలు ఇనబడకుండా తొడుక్కుంటాను."

"దుమ్ము పడితే ఎవుడు తుడుత్తాడు, నువ్వా?" అన్నాను.

లేచి వెళ్లి పాత దోమతెర తీశాను. చిరగని మూల చూసి కత్తిరించి కోడలి మిషను మీద పడేశాను. "దీంతో కుట్టు. కూత దూరుతాది, దుమ్ము కొంతైనా ఆగుతాది."

కోడలు స్పీకరును తన పక్కన పెట్టుకుని కుట్టడానికి కూర్చుంది. ముందుగదిలో మా ఆయన పాటతో పాటు తప్పుడు రాగం తీస్తే, వెనకగదిలోంచి మిషను చప్పుడు మీదుగా నవ్వు వినబడింది.

"సౌండు తగ్గించండి, కరెంటు ఊరికే రాదు!" అని కేకేశాను. రెండు స్పీకర్ల మధ్య నా కేక ఎవరికీ వినబడలేదు. సగం ఉడికిన పప్పు మళ్లీ స్టవ్వు మీద పెట్టాను. ఆ పాటలో పడి విజిళ్ల లెక్క తప్పాను.